స్వార్థమా, స్వహితమా? ఇంట్లో, మనసులో, ఓటులో ఆ గీత ఎక్కడ?

గట్టుమీద (చర్చ మొదలుపెట్టినవారు)

వేరే చర్చలో దీని మీద రభస జరిగింది కాబట్టి విడిగా పెడుతున్నాను. ఒకరు "నన్ను నేను చూసుకోవడం స్వార్థం కాదు" అన్నారు. ఇంకొకరు "ఈ వ్యక్తివాదమే కొంపలు కూల్చింది" అన్నారు. మూడో ఆయన మధ్యలోకి ఓట్లను లాక్కొచ్చారు. ముగ్గురూ ఒకే పదాన్ని మూడు అర్థాల్లో వాడుతూ కొట్టుకున్నారని నా అనుమానం.

దగ్గరి సంబంధాల్లో లెక్క చూసుకోవచ్చా? వ్యక్తివాదం మనసుకు మంచిదా, చెడ్డదా? తన లాభం చూసుకుని ఓటేయడం తప్పా? సొంత కథలు వద్దు. విషయం తెలిసినవారు ఎలా చేయాలో, ఎక్కడ బెడిసికొడుతుందో చెప్పండి.

పదాలపెట్టె

ముందు పదాలు విడదీద్దాం. స్వార్థం అంటే ఎదుటివాడికి నష్టమైనా సరే నాకు కావాలి అనడం. స్వహితం అంటే నాకేది మేలో చూసుకోవడం, అందులో ఎవరికీ నష్టం ఉండాలని లేదు. వ్యక్తివాదం గుణం కాదు, ఒక ఏర్పాటు. చదువు, పెళ్ళి, నమ్మకం, ఓటు లాంటివాటిలో ఆఖరి మాట ఇంటిదో గుంపుదో కాదు, మనిషిది అనే ఏర్పాటు.

ఫ్రెంచ్ రాజకీయ ఆలోచనాపరుడు టోక్‌విల్ 1840లోనే ఈ ముడి విప్పాడు. స్వార్థం గుడ్డి ఆవేశం అన్నాడు. వ్యక్తివాదం అలా కాదు, నింపాదిగా ఆలోచించి చేసే పని. మనిషి తన కుటుంబంతో, స్నేహితులతో చిన్న గూడు కట్టుకుని, మిగతా సమాజాన్ని దాని మానాన వదిలేయడం. ఆయన లెక్కలో "నా ఇల్లు బాగుంటే చాలు" అనేవాడు కూడా వ్యక్తివాదే! మనమేమో అతన్ని కుటుంబం కోసం బతికే మనిషి అని మెచ్చుకుంటాం. కుటుంబం ఒక పక్క, వ్యక్తివాదం ఇంకో పక్క అని గీత గీసి వాదించేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు.

అంకెలమనిషి

నేను లెక్కతో వస్తాను. ఇద్దరి ఆట. ఇద్దరూ సహకరిస్తే చెరి 3. ఒకరు సహకరించి ఇంకొకరు మోసం చేస్తే మోసగాడికి 5, సహకరించినవాడికి 0. ఇద్దరూ మోసం చేస్తే చెరి 1. ఒక్కసారే ఆడితే మోసానికే లాభం, సందేహం లేదు.

మళ్ళీ మళ్ళీ ఆడితే కథ మారుతుంది. ఈ ఆట మీద రాజకీయ శాస్త్రవేత్త రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ పెట్టిన కంప్యూటర్ పోటీలు రెండింటిలోనూ గెలిచింది అనతోల్ రాపొపోర్ట్ పంపిన "దెబ్బకు దెబ్బ" అనే ఎత్తు. మొదట సహకరించు, ఆ తర్వాత ఎదుటివాడు కిందటిసారి ఏం చేశాడో అదే చెయ్యి. అంతే. తమాషా ఏమిటంటే, ఏ ఒక్క జతలోనూ అది ఎదుటివాడికంటే ఎక్కువ తెచ్చుకోలేదు, తెచ్చుకోవడం దానికి సాధ్యమూ కాదు. జతజతకూ కలిసి ఎక్కువ సంపాదించి మొత్తంలో గెలిచింది.

పై అంకెలతో, మళ్ళీ కలిసే అవకాశం మూడింట రెండు వంతులకు తగ్గకుండా ఉంటే దెబ్బకు దెబ్బ ఆడేవాడిని మోసం చేయడంలో లాభం లేదు. అంతకంటే తగ్గితే మోసానికి దారి తెరుచుకుంటుంది. ఉద్యోగం వదిలేసే ఆఖరి నెలలో, ఊరు మారే ముందు, విడిపోవడం ఖాయమయ్యాక మర్యాదస్తుల తీరు కూడా ఎందుకు మారుతుందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. మనిషి మారలేదు, రేపు మాయమైంది.

బెడిసికొట్టేది ఎక్కడంటే, పొరపాటు దగ్గర. ఇద్దరూ దెబ్బకు దెబ్బ వాళ్ళే అనుకోండి. ఒక్కసారి ఒకరి మాట ఇంకొకరికి తప్పుగా వినపడింది. ఇక వంతులవారీగా కొట్టుకుంటూనే ఉంటారు, సగటు 3 నుంచి 2.5కు పడిపోతుంది. మందు కొంచెం క్షమ. ఇవే అంకెలకు నొవాక్, సిగ్మండ్ 1992లో చూపిన లెక్క ప్రకారం దాదాపు మూడు దెబ్బల్లో ఒకదాన్ని వదిలేయాలి. అంతకంటే బాగా ఎక్కువ వదిలేస్తే ఎదుటివాడు మోసానికి అలవాటు పడతాడు.

ఇంటిదీపం

అంకెలమనిషి గారూ, వ్యాపార భాగస్వాములకు ఇది సరిపోతుంది. ఆలుమగల మధ్య ఇలా ఆడితే ఆ ఆటే సంబంధాన్ని తినేస్తుంది.

మనస్తత్వవేత్తలు మార్గరెట్ క్లార్క్, జడ్సన్ మిల్స్ 1979లో సంబంధాలను రెండు రకాలుగా చూపించారు. ఒకటి ఇచ్చిపుచ్చుకునేది, రెండోది అవసరాన్నిబట్టి నడిచేది. మొదటిదానిలో సాయానికి వెంటనే బదులిస్తే ఎదుటివారికి మీ మీద ఇష్టం పెరుగుతుంది. రెండోదానిలో అదే బదులు ఇష్టాన్ని తగ్గిస్తుంది. "అప్పు తీర్చేశాను, ఇక నీకూ నాకూ ఏం లేదు" అన్నట్టు వినపడుతుంది మరి.

పైగా మన లెక్కే తప్పు. రాస్, సికోలీ అదే ఏడాది దంపతులను ఇంటిపనుల్లో ఎవరి వాటా ఎంతో విడివిడిగా అడిగారు. ఇద్దరి వాటాలు కలిపితే ఎక్కువ జంటల్లో నూరు శాతం దాటింది. అబద్ధం చెప్పారని కాదు. మన చేతుల మీదుగా జరిగిన పని మనకు గుర్తుంటుంది, ఎదుటివారు చేసింది మన కంట పడనే లేదు.

తోకచుక్క

అంటే లెక్క పెట్టాలా, వద్దా? ఒక్క ముక్కలో చెప్పండి.

ఇంటిదీపం

రోజువారీ పద్దు వద్దు, అప్పుడప్పుడూ తనిఖీ కావాలి. ఇలా చేయండి.

ఓ 20 పనుల జాబితా రాసి, పక్కన మూడు గడులు గీయండి. ఈ పని చేయాలని ఎవరికి తడుతుంది, ఎప్పుడు ఎలా అని ఎవరు ఆలోచిస్తారు, చేతులతో ఎవరు చేస్తారు. ఇద్దరూ విడివిడిగా నింపి తర్వాత పక్కపక్కన పెట్టుకోండి. గొడవంతా సాధారణంగా మొదటి రెండు గడుల్లోనే ఉంటుంది. మూడో గడి చూసి "నేను సగం చేస్తున్నాగా" అనేవారు తప్పు చెప్పడం లేదు, మూడింట ఒక వంతు పని గురించి చెబుతున్నారు.

పంచుకునేటప్పుడు మూడు గడులూ కలిపి ఒకరికి ఇవ్వండి. మందులు తేవడం ఒకరిది, అయిపోతున్నాయని గమనించి చెప్పడం ఇంకొకరిది అయితే గమనించేవారు యజమాని అవుతారు, తెచ్చేవారు పనివాడు అవుతారు. ఇద్దరికీ చిరాకే.

కోపం మీద ఉన్నప్పుడు ఆ కాగితం బయటికి తీయకూడదు. అప్పుడది తనిఖీ కాదు, నేరపత్రం. ఇంకో సంగతి: ఎప్పుడూ లెక్క చూడని మనిషి ఉన్నట్టుండి రోజూ లెక్కలు తీస్తుంటే, లెక్కలు మానమని చెప్పకండి. అది జ్వరం లాంటిది. తన అవసరం ఎక్కడో తీరడం లేదని అర్థం.

హద్దురాయి

హద్దుల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు అందరి నోటా ఆ మాటే, వాడకం మాత్రం తలకిందులు.

కోరిక: "నేను పనిలో ఉన్నప్పుడు ఫోన్ చేయకు." ఎదుటివారు ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు.
హద్దు: "పనిలో ఉన్నప్పుడు ఫోన్ తీయను, అయ్యాక నేనే చేస్తాను." ఇందులో కర్త నేను. ఎదుటివారి అనుమతితో పనిలేదు.
ఆజ్ఞ: "నువ్వు నీ స్నేహితులతో తిరగకూడదు, అది నా హద్దు." ఇది హద్దు కాదు, ఎదుటివారి చుట్టూ గీసిన గిరి. చికిత్స గదుల్లోంచి వచ్చిన పదాన్ని పెత్తనానికి వాడుకోవడం.

కనిపెట్టడం తేలిక. వాక్యంలో క్రియ ఎవరిదో చూడండి. "నేను చేస్తాను, చేయను" అయితే హద్దు. "నువ్వు చేయాలి, చేయకూడదు" అయితే కోరికో ఆజ్ఞో.

చెప్పే తీరుకు మనస్తత్వవేత్త మార్షా లినెహన్ చికిత్సా పద్ధతిలో ఒక వరస ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పు. నీకేమనిపించిందో చెప్పు. కావలసింది సూటిగా అడుగు. ఒప్పుకుంటే ఇద్దరికీ ఏం మేలో చెప్పు. పక్కదారి పట్టించినా అదే మాట దగ్గరికి తిరిగి రా. తడబడకు. అవసరమైతే బేరానికి చోటివ్వు. మనవాళ్ళు ఎక్కువగా మూడో మెట్టు దగ్గర జారతారు. జరిగిందీ చెబుతారు, బాధపడ్డామనీ చెబుతారు, ఏం కావాలో మాత్రం ఎదుటివారే గ్రహించాలని ఆగిపోతారు. మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత అందరికీ తెలుసు, ఇక్కడ రాయను.

కొత్తగా హద్దు పెట్టగానే ఒత్తిడి తగ్గదు, ముందు పెరుగుతుంది. ఇంతకాలం పనిచేసిన మీట పనిచేయకపోతే మనిషి ఇంకా గట్టిగా నొక్కుతాడు. నాలుగుసార్లు కాదని ఐదోసారి ఒప్పుకున్నారా, అయిదుసార్లు అడిగితే పనవుతుందని మీరే నేర్పినట్టు. అసలు హద్దే పెట్టకపోవడం దానికంటే నయం. నిలబెట్టుకోగలిగిన చిన్నదే పెట్టండి.

కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో ఇవేవీ పనికిరావు. అక్కడ హద్దు ప్రకటిస్తే ప్రమాదం పెరగొచ్చు. ముందు భద్రంగా బయటపడే ఏర్పాటు చేసుకోవాలి, నమ్మకమైనవారికి చెప్పాలి, మాటలు తర్వాత.

నిమ్మళం

మనసు సంగతి నేను అందుకుంటాను. రెండో ప్రశ్నకు "మంచిదా, చెడ్డదా" అనే రూపంలో జవాబు లేదు. రెండు కొసలూ చెడ్డవే.

ఫ్రెంచ్ సమాజ శాస్త్రవేత్త డ్యుర్కైమ్ 1897లో ఆత్మహత్యల మీద రాస్తూ మనిషిని సమాజం మరీ వదిలేసినా, మరీ మింగేసినా ముప్పేనని రెంటినీ విడివిడిగా చూపించాడు. తర్వాత విక్కీ హెల్గెసన్ పరిశోధనల్లో, తనను పూర్తిగా మరిచి ఎదుటివారి సమస్యల్లోనే మునిగిపోయే తీరుకు మానసిక వేదనతో సంబంధం కనిపించింది. ప్రేమగా ఉండటానికి ఆ సంబంధం లేదు. తన్ను తాను లెక్కలోంచి కొట్టేసుకోవడానికే ఉంది. తనకు మాలిన ధర్మాన్ని మొదలు చెడ్డ బేరంతో పోల్చిన సామెత చెప్పేదీ ఇదే. అసలు పోయాక వడ్డీ ఎక్కడిది?

రెండో కొస. హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 2010లో 148 అధ్యయనాలు కలిపి చూస్తే, గట్టి సంబంధాలున్నవారికి ఆ అధ్యయనాల కాలంలో బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువగా తేలింది. ఇవి గమనించి చూసిన అధ్యయనాలు, కాబట్టి ఇదే కారణమని పూర్తిగా నిరూపించినట్టు కాదు. జబ్బు మనిషి నలుగురిలోకి వెళ్ళలేకపోవడం కూడా అందులో కలిసి ఉండొచ్చు. అయినా కొట్టిపారేసే అంకె కాదు.

చాలామంది స్వేచ్ఛనూ ఒంటరితనాన్నీ ఒకే మూట కడతారు. మనస్తత్వవేత్తలు డీసీ, రయాన్ సిద్ధాంతంలో మనిషికి మూడు అవసరాలు: తన ఇష్టంతో చేస్తున్నానన్న భావం, చేతనవుతుందన్న భావం, నావాళ్ళున్నారన్న భావం. మొదటిది ఎవరి మీదా ఆధారపడకపోవడం కాదు. ఇష్టపడి ఒకరి మీద ఆధారపడితే స్వేచ్ఛ ఉన్నట్టే. ఎవరి మీదా ఆధారపడకూడదన్న భయంతో ఒంటరిగా ఉంటే స్వేచ్ఛ లేనట్టే.

"సెల్ఫ్ కేర్" పేరుతో జరిగే తప్పు ఒకటుంది. అలసిపోయి ఒక పిలుపుకు వెళ్ళలేదనుకోండి. విశ్రాంతా, తప్పించుకోవడమా? ఆ సాయంత్రం హాయిగా ఉందా లేదా అని చూస్తే తెలియదు, రెండిట్లోనూ హాయిగానే ఉంటుంది. తర్వాతి పిలుపు వచ్చినప్పుడు చూడండి. వెళ్ళడం తేలికైతే అది విశ్రాంతి. ఇంకా కష్టమైతే తప్పించుకోవడం, ప్రతిసారీ దొరికే ఆ ఊరటే భయాన్ని పెంచుతోంది. అప్పుడు పూర్తిగా మానడానికి బదులు 30 నిమిషాలుండి వచ్చేస్తానని ముందే చెప్పి వెళ్ళండి.

రెండు వారాలుగా దాదాపు రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా ఆకలీ చెడటం ఉంటే ఇది చర్చించే విషయం కాదు, వైద్యుడికి చూపించాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఆ రోజే.

ఎదురీత

అందరూ కలిసి వ్యక్తివాదానికి కర్మకాండ చేసేలా ఉన్నారు. కాస్త ఆగండి.

ఆ డ్యుర్కైమే 1898లో, డ్రెయ్‌ఫస్ అనే సైనికాధికారిని చేయని నేరానికి ఫ్రాన్స్‌లో జైల్లో వేసిన వ్యవహారం రగులుతున్నప్పుడు, వ్యక్తివాదం వైపు నిలబడి రాశాడు. దేశం పరువు కోసం నిర్దోషి జైల్లో ఉన్నా ఫరవాలేదన్నవాళ్ళు అప్పుడు వ్యక్తివాదాన్నే తిట్టారు. ఆయన జవాబు: స్వార్థాన్ని పూజించే వ్యక్తివాదం వేరు, ఏ మనిషినైనా, ముక్కూ మొహం తెలియనివాడినైనా బలి ఇవ్వకూడదనే వ్యక్తివాదం వేరు. రెండోది స్వార్థానికి సరిగ్గా వ్యతిరేకం.

రహస్య ఓటును చూడండి. ముద్రించిన బ్యాలెట్, చాటుగా ఓటు అనే పద్ధతి ఆస్ట్రేలియాలోని విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియాల్లో 1856లో చట్టమైంది. ఆ అరలో మనిషి ఒంటరి. భర్త లేడు, యజమాని లేడు, ఓటు కొన్నవాడికి సరుకు అందిందో లేదో చూసుకునే దారి లేదు. ఇంతకంటే వ్యక్తివాద యంత్రం ఏముంది? సమష్టి నిర్ణయం నిజాయితీగా ఉండాలనే మనిషిని ఆ రెండు నిమిషాలు ఒంటరిని చేశారు.

పదాలపెట్టె

ఎదురీత గారికి ఒక దండం. నా మొదటి పోస్టులో ఈ ముక్క ఉండాల్సింది.

మూడోవరస

ఓటు దగ్గరికి వచ్చారు కాబట్టి నేను. "జనం తమ లాభం చూసుకునే ఓటేస్తారు" అనేది అందరూ నమ్మే మాట. ఆధారాలు మాత్రం చాలా పలచన.

ఒక్క ఓటుతో ఫలితం మారే అవకాశం దాదాపు సున్నా. కాబట్టి కేవలం సొంత లాభం చూసేవాడు బూత్ దాకా నడిచే శ్రమ కూడా పడకూడదు. ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1957లో తేల్చిన చిక్కు ఇదే. అదే లెక్క ఇంకోటి కూడా చెబుతుంది: విషయాలు లోతుగా తెలుసుకోవడానికి గంటలు ఖర్చుపెట్టినా ఓటరుకు విడిగా వచ్చేది లేదు. అందుకే ఫోన్ కొనేముందు పది చోట్ల వాకబు చేసేవాడు మ్యానిఫెస్టో చదవడు. బద్ధకం కాదు, లెక్క.

డేవిడ్ సియర్స్, కారొలిన్ ఫంక్ లాంటివాళ్ళు సర్వేలు జల్లెడ పడితే, విధానాల మీద జనం అభిప్రాయాలకు సొంత లాభంతో ఉన్న ముడి చాలాసార్లు బలహీనంగానే కనిపించింది. పార్టీ అభిమానం, విలువలు, ఏ గుంపు మనది అనే భావం దానికంటే బలంగా పనిచేస్తాయి. లాభనష్టం పెద్దదిగా, స్పష్టంగా, తప్పక తగిలేదిగా ఉన్నప్పుడు మాత్రం స్వప్రయోజనం తల ఎత్తుతుంది. పొగాకు పన్ను మీద పొగతాగేవారి అభిప్రాయం దానికి చక్కని ఉదాహరణ.

డేల్ మిల్లర్, రెబెకా రాట్నర్ 1998లో ఇంకోటి చూపించారు. ఎదుటివారి అభిప్రాయాన్ని వారి లాభం ఎంత నడిపిస్తుందో మనం వాస్తవానికి మించి ఊహించుకుంటాం. ఫలితం చూడండి. అందరూ స్వార్థపరులే అనుకుని నాయకుడు లాభం భాషలోనే మాట్లాడతాడు. ఓటరు కూడా న్యాయమనిపించి చేసిన పనికి "నాకేదో కలిసొస్తుందని" అని కారణం చెప్పుకుంటాడు, లేకపోతే అమాయకుడంటారని. అలా అబద్ధం నిజమవుతుంది.

వాగ్దానం వింటే నాలుగు అడగండి: ఎవరికి ఎంత, ఎవరి జేబులోంచి, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఏ షరతు తప్పితే ఆగిపోతుంది. మొదటిదానికి జవాబు అరుస్తూ చెబుతారు, రెండోదానికి గొణుగుతారు.

అంకెలమనిషి

దానికి ఆర్థికవేత్త మాన్కర్ ఓల్సన్ 1965లో చెప్పిన లెక్క కలపాలి. ఒక నిబంధన వల్ల కోటిమందికి తలా 10 నాణేల నష్టం, వందమందికి తలా 10 లక్షల లాభం అనుకోండి. రెండూ పది కోట్లే. కానీ 10 నాణేల కోసం ఎవరూ రోజు సెలవు పెట్టి ధర్నాకు వెళ్ళరు. ఆ వందమంది మాత్రం ఏడాది పొడవునా లాయర్లను పెడతారు. జనంలో స్వార్థం ఎక్కువై ఇలా జరగడం లేదు. స్వప్రయోజనం కోటి ముక్కలైపోయి ఎవరి ముక్కకూ బరువు లేకుండా పోయింది.

చెరువుగట్టు

మరి సంఘాలు ఎలా నడుస్తున్నాయి? ప్రయోగశాలలో ఆడే ఆట చెబుతాను. నలుగురికి తలా 20 బిళ్ళలు. ఉమ్మడి కుండలో వేసిన ప్రతి బిళ్ళకూ నలుగురికీ తలా 0.4 వస్తుంది. అందరూ అన్నీ వేస్తే తలా 32. ఒకడు ఎగ్గొట్టి మిగతా ముగ్గురూ వేస్తే వాడికి 44, వాళ్ళకు 24. ఎవరూ వేయకపోతే తలా 20.

మొదటి ఆటలో మనుషులు సగటున సగం దాకా వేస్తారు, పోనుపోను తగ్గిపోతుంది. అందరూ దుర్మార్గులై కాదు. ఎక్కువమంది "నలుగురూ వేస్తే నేనూ వేస్తా" రకం. ఎగ్గొట్టేవాళ్ళను చూసి వాళ్ళు తగ్గించుకుంటారు, వాళ్ళను చూసి ఇంకొకరు. ఫెర్, గాష్టర్ 2000లో సొంత ఖర్చుతో ఎగవేతదారుకు జరిమానా వేసే వీలిస్తే వాటాలు మళ్ళీ పైకి లేచాయి. అయితే 2008లో వేర్వేరు నగరాల్లో ఆడిస్తే కొన్నిచోట్ల ఎక్కువ వేసినవారికే జరిమానాలు పడ్డాయి! "నీ వల్ల మేం చెడ్డవాళ్ళమయ్యాం" అన్నట్టు.

ఎలినార్ ఆస్ట్రమ్ చెరువులు, అడవులు, చేపల రేవులు చూసి 1990లో చెప్పినవి ఇక్కడ పనికొస్తాయి. ఎవరు సభ్యులో స్పష్టంగా ఉండాలి, వాడేవారే నియమాలు రాసుకోవాలి, కాపలా చూసేవారు వాడేవారికి జవాబుదారీగా ఉండాలి, శిక్ష చిన్నగా మొదలై మెట్టుమెట్టుగా పెరగాలి, తగాదా తీర్చే చోటు దగ్గర్లో చవగ్గా ఉండాలి. చిన్న సంఘాలు ఎక్కువగా తప్పేది నాలుగోదాని దగ్గర. మూడేళ్ళు చూసీచూడనట్టు ఊరుకుని, ఒకరోజు ఏకంగా వెలివేస్తారు. మొదటి తప్పుకు ఎవరో ఇంటికొచ్చి మాట్లాడితే చాలేది.

గట్టుమీద

చాలా తేలింది. ఒక గట్టి ఉదాహరణతో పరీక్షిద్దాం. మంచాన పడ్డ తల్లి, ముగ్గురు తోబుట్టువులు, ఒకరు దూరంలో ఉన్నారు. ఎవరిది స్వార్థం, ఎవరిది స్వహితం?

ఇంటిదీపం

ఆ ప్రశ్నతో మొదలుపెడితే మొదటి పది నిమిషాల్లోనే లేచిపోతారు. గంటలతో మొదలుపెట్టండి.

వారంలో ఏ పనికి ఎన్ని గంటలో రాయండి. 42 తేలాయనుకుందాం, తలా 14. రాత్రి కాపలాను విడిగా రాయాలి, చెడిన నిద్ర పగటి గంటతో సమానం కాదు. దూరంలో ఉన్నవారు వైద్యుడితో ఫోన్లు, కాగితాలు, బిల్లుల కింద 5 గంటలు తీసుకుని మిగతా 9 గంటలకు మనిషిని పెట్టించవచ్చు. "నావల్ల కాదు" అన్నవారిని ఎందుకని కాదు, ఏం పోతుందని భయమో అడగండి. ఉద్యోగమా, నిద్రా, డబ్బా, మాట చెల్లుబాటా? ఒక్కోదానికి ఒక్కో మందు ఉంటుంది.

ఎక్కువ గంటలు చేసేవారికే రోజువారీ నిర్ణయాలు. ఆపరేషన్, ఇల్లు మార్చడం లాంటివి ముగ్గురూ కలిసి. ఆరు వారాలకు మళ్ళీ కూర్చునే తేదీ ఇప్పుడే రాసుకోవాలి.

డబ్బిచ్చినవారు తమ ఖాతా మూసేశామనుకోవడం దగ్గరే ఇది చెడుతుంది. పెట్టిన మనిషి రాని రోజు ఎవరు పరిగెత్తాలో ముందే రాయకపోతే, ఎప్పుడూ దగ్గరున్నవారే పరిగెత్తుతారు.

తోకచుక్క

ఆ ముగ్గురు తోబుట్టువుల్లో ఒకాయన సున్నా గంటలు, సున్నా డబ్బు అంటే?

హద్దురాయి

అది అడగక ముందే మిగతా ఇద్దరూ విడిగా కూర్చుని ఇద్దరి ప్రణాళిక ఒకటి వేసుకోవాలి. 42లో 28 మీరు, 14కు జీతం మనిషి, ఖర్చు ఎక్కడి నుంచో కూడా. అది చేతిలో ఉంటే ఆయన్ని బతిమాలరు, బెదిరించరు. ఆయన లేదంటే "సరే, ఇలా చేస్తున్నాం, రోజువారీ నిర్ణయాలు మా ఇద్దరివి, ఆరు వారాల తర్వాత మళ్ళీ అడుగుతాం" అని చెప్పి అక్కడితో ఆపండి. ఆ మళ్ళీ అడగడం మాత్రం మానకండి. మొదటిసారి లేదన్న మనిషికి తర్వాత వద్దామన్నా దారి కనిపించక ఆగిపోయేది అక్కడే.